మూడో చుక్క

నిన్న ఉదయం గ్యాస్ బండ మార్చాను. ఖాళీ బండ మీది రెగ్యులేటర్ తీసి కొత్తదాని మీద నొక్కగానే సుయ్‌మని చిన్న చప్పుడు వచ్చి ఆగిపోయింది. అర సెకను కూడా ఉండదు. అది వినగానే నేను స్టవ్ వెలిగించను. వంగి వాసన చూస్తాను, చెవి దగ్గర పెట్టి వింటాను, అప్పుడు లేస్తాను. అరవై తొమ్మిదేళ్ల మనిషి వంగి లేవడానికి పట్టే సమయం పడుతుంది. గ్యాస్ తెచ్చే మనిషి గుమ్మంలో నిలబడి, "బండకి దండం పెడతన్నారాండీ టీచరుగారూ?" అని నవ్వుతాడు. నవ్వనిస్తాను. ఈ అలవాటు నాకు నేర్పిన మనిషికి వంటగ్యాసుతో సంబంధమే లేదు. ఆయన పేరు దానియేలుగారు. ఇరవై రెండేళ్లు సముద్రం అడుగున పనిచేసి, చివరికి మా వీధి చివరి కొబ్బరితోటలో రేకుల షెడ్డు వేసుకుని ఉండిపోయారు. మీరెవరూ ఆయన్ని చూసి ఉండరు. ఆయన గురించి నేను చెప్పకపోతే చెప్పేవాళ్లు తక్కువ.

ముందు నా గురించి రెండు మాటలు. అమలాపురంలో ముప్పై ఒక్క ఏళ్లు ఫిజిక్సు చెప్పాను. అన్నేళ్లలో పెట్టిన సెలవులు నలభై మూడు రోజులు. ఏ సంవత్సరం ఎందుకు పెట్టానో డైరీల్లో ఉంది. రిటైరయ్యాక మామిడికుదురు పక్కనున్న మా ఊరికి వచ్చేశాను. దానియేలుగారు చర్చిలో మగవాళ్ల వైపు మూడో వరసలో కూర్చునేవారు, నేను ఆడవాళ్ల వైపు రెండో వరసలో. ఎనిమిదేళ్ల పాటు మా మధ్య "వందనాలండి" తప్ప వేరే మాట లేదు. ఆయన ఒకప్పుడు సముద్రంలో చమురు బావుల పైపులకి నీళ్ల కింద మరమ్మతు చేసేవారని, చెవులు పాడై వచ్చేశారని విన్నాను. వంతెనల స్తంభాలు చూసేవాళ్లు, మునిగిన పడవలు పైకి తీసేవాళ్లు తమ పరికరాలు పాడైతే ఆయన దగ్గరికి తెస్తారని కూడా తెలుసు. నాతో ఆయనకి పనేమిటి అనుకున్నాను.

పని షారోను వల్ల పడింది. షారోను మా తమ్ముడి కూతురు. తమ్ముడు, మరదలు ఉద్యోగాల కోసం ఊళ్లు మారుతుంటే, ఆరో తరగతి నుంచి నా దగ్గరే ఉండి చదువుకుంది. సముద్రపు జీవుల చదువు చదివి, విశాఖపట్నంలో ఉద్యోగం తెచ్చుకుంది. పనేమిటంటే సముద్రంలోకి దిగి, అడుగున బండల మీద ఏమేం బతుకుతున్నాయో లెక్క రాసుకుని రావడం. లెక్క రాయడం వరకు నాకు నచ్చింది. దిగడం నచ్చలేదు. ఈతకొలనులో శిక్షణ అయిపోయింది, ఇక సముద్రంలోకి దిగాలి, ఎవరి రెగ్యులేటర్ వాళ్లు కొనుక్కుంటే మంచిదన్నారు అని ఫోన్లో చెప్పింది. నేను కొనిపెడతానన్నాను. దాని ఊపిరి నేను కొన్న వస్తువు మీద ఆధారపడుతుందన్న సంగతి ఫోన్ పెట్టేశాక నాకు తట్టింది. ఆ పూట అన్నం సరిగ్గా తినలేదు.

ఆ వస్తువేమిటో తెలియనివాళ్ల కోసం చెబుతాను. డైవరు వీపు మీద మోసే సిలిండర్లో గాలిని మనిషి ఛాతీ భరించలేనంత ఒత్తిడితో కూరి ఉంచుతారు. దాన్ని నోటికి పనికొచ్చేలా మెత్తబరిచి, పీల్చినప్పుడు మాత్రమే వదిలేది రెగ్యులేటర్. సిలిండర్ మూతికి బిగించే ఇత్తడి ముక్క ఒకటి, నోట్లో పెట్టుకునే ముక్క ఒకటి, మధ్యలో రబ్బరు గొట్టం. అంతే. ఆ అంతేలోనే నూరు రకాలున్నాయి. నేను పది రోజులు కూర్చుని ఐదు రకాలను ఏరి, ఒక్కోదాని బరువు, గొట్టం పొడవు, లోహం, విడిభాగాల సంఖ్య, గ్యారంటీ ఏళ్లు అన్నీ పద్నాలుగు గడుల పట్టికగా గీశాను. షారోను సెలవు మీద వచ్చినప్పుడు ఆ పట్టిక పట్టుకుని ఇద్దరం దానియేలుగారి షెడ్డుకి వెళ్లాం. ఏది కొనాలని అడగడానికి కాదు. నేను ఎంచింది సరైనదని ఆయన చేత అనిపించుకోవడానికి.

ఆయన కళ్లజోడు పెట్టుకుని పట్టిక మొత్తం చదివారు. తొందరపడలేదు. ఒకచోట వేలు పెట్టి, "ఈ బరువు గొట్టంతో కలిపా, గొట్టం లేకుండానాండీ?" అని అడిగారు. నాకు తెలియదు. పద్నాలుగు గడులు గీసినదాన్ని, ఆ ఒక్క ప్రశ్నకి చిన్నబోయాను. తర్వాత కాగితం మడిచి నా చేతికే ఇచ్చి, "బాగా రాసేరండి. ఇందులో ఒక్కటైనా నోట్లో పెట్టుకుని చూసేరా?" అన్నారు.

"నేనెందుకు పెట్టుకుంటానండి? దిగేది ఇది కదా," అన్నాను షారోనును చూపించి.

"ఆయ్. దిగేది పాపే. ఎంచేది మీరు. చెప్పులైతే కాలు చూసి కొంటాం. ఇది ఊపిరి కదండీ, టీచరుగారూ."

షెడ్డు పక్కన పాత సిమెంటు తొట్టి ఉంది. అంతకుముందు ఎవరో రొయ్యపిల్లలు పెంచడానికి కట్టినది. దానియేలుగారు అందులో బోరునీళ్లు నింపి, బాగుచేసిన పరికరాలు ముంచి బుడగలు వస్తున్నాయేమో చూసుకునేవారు. దాంట్లో నన్ను దిగమన్నారు. నేను షారోను వైపు చూశాను. అది అప్పటికే తన పంజాబీ డ్రెస్సు ఒకటి తేవడానికి ఇంటికి పరుగెత్తుతోంది. దానియేలుగారి భార్య రూతమ్మగారు వంటింట్లోంచి వచ్చి, నడుం మీద చేతులు వేసుకుని నిలబడి, "ఈ వయసులో రెండో బాప్తిస్మమేంటండీ? మొదటిది పట్టలేదా?" అన్నారు. తొట్టి మెట్టు మీద నిలబడి ఉన్న నాకు కోపం రావాలి. నవ్వు వచ్చింది. నవ్వుతూ నీళ్లలోకి దిగిన మనిషికి భయం కొంచెం ఆలస్యంగా అందుతుందని అప్పుడే తెలిసింది.

అందింది మాత్రం నిజం. తల ముంచగానే నా గుండె చప్పుడు తొట్టి గోడల్లోంచి వినిపించింది. నోట్లో రబ్బరు, ముక్కుకి అద్దం తొడుగు. మొదటి నిమిషంలో ఇరవై రెండుసార్లు ఊపిరి పీల్చాను. లెక్కపెట్టబట్టే పైకి లేచి రాలేదు. మూడో నిమిషానికి తొమ్మిదికి వచ్చింది. పైకి వచ్చాక ఆయన రెండో రెగ్యులేటర్ బిగించి ఇచ్చారు. ఇది బాగుంది, కొంచెం తేలిగ్గా గాలి వస్తోంది అన్నాను. "ఇప్పుడు అసలు సంగతి చూడండి," అని ఇంచుమించు ఖాళీ అయిన వేరే సిలిండర్ తెచ్చి, మళ్లీ మొదటిది బిగించారు. ఈసారి ప్రతి ఊపిరీ సన్నటి గొట్టంతో చిక్కటి పానకం పీల్చినట్టుంది. రెండోదాన్ని అదే ఖాళీ సిలిండర్‌కి బిగిస్తే, నిండు సిలిండర్‌తో ఎలా వచ్చిందో అలాగే వచ్చింది. నీళ్లు కారుతున్న ముఖంతో ఆయన వైపు చూశాను.

"మనిషికి కంగారు ఎప్పుడొస్తదండీ? సిలిండర్ అయిపోయేటప్పుడు. సరిగ్గా అప్పుడే బిగుసుకునేది మనకెందుకు?" అన్నారు. "కొత్తగా దిగే పిల్లకి గొప్ప వస్తువు అక్కర్లేదు. ఆఖరుదాకా ఒకేలా గాలి ఇవ్వాలి. నోటికి ఒరుసుకోకూడదు. పాడైతే దగ్గర్లో విప్పి కట్టేవాడు ఉండాలి. అంతేనండి."

ఆ మూడు సంగతులకీ నా పట్టికలో గడులు లేవు. నేను అగ్రస్థానం ఇచ్చినదాన్ని విప్పాలంటే వేరే దేశం పంపాలట. నాలుగో స్థానంలో ఉన్న మామూలు రకాన్ని కొన్నాం. వచ్చాక ఆయనే విప్పి, చూసి, కట్టి ఇచ్చారు. ఇస్తూ షారోనుకి ఒక పద్ధతి చెప్పారు. నీళ్లలోకి దిగకముందు పడవ మీదే మూడు శ్వాసలు తీయాలి. మొదటిది ముక్కు కోసం, రెండోది నాలుక కోసం, మూడోది చెవి కోసం. వాసనో, రుచో, చప్పుడో, ఏది కొత్తగా ఉన్నా దిగకూడదు. ఎవరు నవ్వినా సరే, ఎవరు తొందరపెట్టినా సరే. షారోను తల ఊపింది. నాకది శాస్త్రం లాగా అనిపించలేదు. వాసనకి కొలత ఏదీ, ఎంత ఉంటే ఎక్కువ అని అడిగాను. "కొలత లేదండి. ఉంటే ఎక్కువే," అన్నారు. నాతో మాత్రం వేరేగా చెప్పారు: "మంచినీళ్లతో కడగాలి, నీడలో ఆరబెట్టాలి, మూత పెట్టాలి. ఇంకేం చేయకండి టీచరుగారండీ." ఇంకేం చేయకండి అన్న మాట నాకెందుకు చెప్పారో అప్పుడు నేను ఆలోచించలేదు.

ఆ వస్తువు నాలుగు రోజులు మా ఇంట్లో ఉంది. శుక్రవారం ఉదయం షారోను బయలుదేరుతుంటే సంచి సర్దుతున్నాను. మా కోనసీమలో ఉప్పుగాలికి తట్టుకునే లోహం లేదు. గొళ్లెం, తాళం, కుట్టుమిషను, సైకిలు గొలుసు, గేటు బందులు, ఏది ఇంట్లోకి వచ్చినా దానికి కొబ్బరినూనె చుక్క వేయకుండా ఉండం. మా అమ్మ వేసేది, మా నాయనమ్మ వేసేది. గడియారానికి కూడా వేసి చెడగొట్టిన ఇల్లు మాది. సిలిండర్‌కి బిగించే పెద్ద స్క్రూ తిప్పితే కొంచెం పట్టేసినట్టు అనిపించింది. నూనె సీసా తీశాను. చలికి పేరుకుని ఉంది. కిటికీలో ఎండకి పెట్టి, కరిగాక రెండు చుక్కలు స్క్రూకి వేశాను. మూత ఎత్తి చూస్తే, గాలి లోపలికి వెళ్లే రంధ్రంలో సన్నటి లోహపు జల్లెడ ఒకటి పొడిగా, తెల్లగా కనిపించింది. మూడో చుక్క దాని మీద వేశాను. గుడ్డతో తుడిచి, మూత పెట్టి, సంచిలో సర్దాను. మంచి పని చేశానన్న తృప్తితోనే పంపించాను.

ఫిబ్రవరి పన్నెండు, ఆదివారం. ఆ రోజు తొమ్మిది గంటలకి షారోను మొదటిసారి సముద్రంలోకి దిగుతుంది. ఆరాధన ఎనిమిదిన్నరకి. ఎనిమిదీ ఇరవైకి చర్చి ఆవరణలో దానియేలుగారు కనిపిస్తే, వందనాలు చెప్పి, కొంచెం గొప్పగానే అన్నాను: "తుప్పు పట్టకుండా మూడు చుక్కలు కొబ్బరినూనె కూడా వేసి పంపానండి."

ఆయన ముఖం మారిపోయింది. గొంతు మాత్రం మారలేదు. "ఎక్కడ వేసేరండీ?"

"స్క్రూకండి."

"మూడు చుక్కలూ స్క్రూకేనా? మూత కింద, గాలి పోయే కన్నం దగ్గర పడలేదు కదా?"

ఆ క్షణాన్ని నేను చాలాసార్లు వెనక్కి తిప్పి చూసుకున్నాను. మరిచిపోలేదు. తికమకపడలేదు. జల్లెడ, దాని మీద చుక్క, రెండూ కళ్ల ముందే ఉన్నాయి. కానీ ఆయన ముఖం అలా మారడం చూశాక నా నాలుక తనంతట తానే దారి వెతుక్కుంది. ముప్పై ఒక్క ఏళ్లు బోర్డు దగ్గర నిలబడి పిల్లల చేత తప్పులు ఒప్పించిన నాలుక అది. ఒక్కసారైనా తన తప్పు ఒప్పుకున్న అలవాటు దానికి లేదు. "లేదండి, స్క్రూకే," అన్నాను.

"అయితే భయం లేదండి. గుడ్డతో తుడిచేయమని పాపకి ఇప్పుడే ఒక ఫోన్ కొట్టండి," అని ఆయన లోపలికి వెళ్లిపోయారు. నేను ఆ ఫోన్ కూడా చేయలేదు. చేస్తే షారోను ఎందుకని అడుగుతుంది. అడిగితే చెప్పాలి.

గంట మోగింది. వెళ్లి కూర్చున్నాను. కీర్తన మొదలైంది. మొదటి చరణం పాడాను. రెండో చరణంలో మొదటి చరణం మాటలే మళ్లీ పాడాను. తొట్టిలో తల ముంచినప్పటి ఆ మొదటి నిమిషం గుర్తొచ్చింది. షారోను నీళ్లలో ఉంటుంది, పక్కన మెట్టు ఉండదు, నవ్వించే రూతమ్మగారు ఉండరు. పుస్తకం బల్ల మీద పెట్టి లేచాను. మా చర్చిలో ఆరాధన జరుగుతుండగా ఆడమనిషి మగవాళ్ల వైపు నడిచి వెళ్లడం నేను చిన్నప్పటి నుంచీ చూడలేదు. మధ్య దారి దాటి, మూడో వరస దగ్గర ఆగి, వంగి, "మూడో చుక్క కన్నంలోనే వేశానండి. జల్లెడ మీద. ఇందాక అబద్ధం చెప్పాను," అన్నాను. పాట సాగుతూనే ఉంది. కొన్ని తలలు తిరిగాయి. గోడ గడియారం ఎనిమిదీ ముప్పై ఆరు చూపిస్తోంది.

దానియేలుగారు లేచి బయటికి వచ్చారు. షారోనుకి ఫోన్ చేశాను. మోగింది, మోగింది, ఎవరూ తీయలేదు. వాళ్ల బృందానికి పెద్దగా ఉన్న మేడమ్ నంబరు డైరీలో ఉంది. ఆమె ఫోన్ కట్టేసి ఉంది. మళ్లీ షారోనుకి చేశాను. మొత్తం పంతొమ్మిదిసార్లు చేశాను. ఎనిమిదీ యాభై తర్వాత మోగడం కూడా ఆగిపోయింది.

చర్చి మెట్ల మీద కూర్చున్నాం. "ఏమవుతుందో చెప్పండి," అన్నాను. ఆయన దాచలేదు. "నూనె గాలితో కలిసి ఊపిరితిత్తుల్లోకి పోద్దండి. అది ఒకటి. లోపల గాలి విచ్చుకునే చోట బాగా చల్లబడద్ది, మీకు నేను చెప్పక్కర్లేదు. అక్కడ నూనె పేరుకుంటే మర సరిగ్గా ఆడదు. గాలి ఆగకుండా తన్నుకొస్తది, లేకపోతే బిగుసుకుంటది. అవుతదని కాదండి. అవ్వచ్చు." వ్యాకోచించే వాయువు చల్లబడుతుంది. ఆ పాఠాన్ని ముప్పై ఒక్కసార్లు చెప్పాను. కొబ్బరినూనె ఇరవై నాలుగు డిగ్రీల దగ్గర పేరుకుంటుందని కూడా చెప్పాను. పేరుకున్న సీసాను ఎండలో పెట్టి, కరిగించి మరీ వేసింది నా చేతులే. రెండు పాఠాలు నా బుర్రలో రెండు వేర్వేరు బీరువాల్లో ఉండిపోయాయి.

ఆ గంటలో ఆయన నన్ను అడిగినవన్నీ నాకు గుర్తున్నాయి. చుక్క ఎంత పెద్దది, చెంచాతో వేశారా, వేలితోనా. వేశాక మూత ఎంతసేపటికి పెట్టారు. సంచి నిలబెట్టారా, పడుకోబెట్టారా. పాప వెళ్లాక సిలిండర్‌కి బిగించి చూశానని ఏమైనా అందా. నేను చెబుతుంటే ఒక్కొక్కటీ తల ఊపుతూ విన్నారు. "ఎందుకు వేసేరు" అని మాత్రం అడగలేదు. "వద్దని చెప్పేను కదా" అనలేదు. నేను ఆ మాట కోసం ఎదురుచూశాను. అంటే కొంత బరువు దిగుతుందనిపించింది. అనలేదు.

తొమ్మిదీ యాభై రెండుకి ఫోన్ మోగింది.

"ఏంటత్తా, పంతొమ్మిది మిస్డ్ కాల్సా? ఇల్లేమైనా కూలిపోయిందా?" షారోను గొంతు. వెనక గాలి, పడవ ఇంజను.

"దిగావా?" అన్నాను.

"దిగేను, వచ్చేను కూడా. ఎంత బాగుందో తెలుసా? కానీ నీ రెగ్యులేటర్‌తో కాదు. పడవ మీద మొదటి శ్వాస తీసేనా, ముక్కు నిండా నీ జడ వాసన. అత్త వచ్చి నా నోట్లో కూర్చుందేంటి అనుకున్నా. మా మేడమ్ ఏమో వాసనే కదా, దిగు, టైమైపోతోంది అంటారు. 'ఉంటే ఎక్కువే' అని దానియేలు తాతగారు అన్నారు కదా. తీసి పక్కన పెట్టేశా. పడవలో ఉన్న వేరేది పెట్టుకున్నా. నూనె ఎక్కడ వేసేవత్తా?"

"గాలి పోయే కన్నంలో," అన్నాను. ఈసారి నాలుక అడ్డు రాలేదు. ఫోన్ దానియేలుగారికి ఇచ్చేశాను. ఆయన "ఆయ్, ఆయ్, మంచి పని చేసేవమ్మా, దాన్ని ఎవరికీ ఇవ్వకు, మళ్లీ బిగించకు, నా దగ్గరికి తీసుకురా," అని పెట్టేశారు. లోపల ఆఖరి ప్రార్థన జరుగుతోంది. నేను మెట్టు మీదే కళ్లు మూసుకున్నాను. ఏం ప్రార్థించానో చెప్పలేను, మాటలు లేవు. జనం బయటికి వస్తుంటే రూతమ్మగారు నా ముఖం చూసి, సంగతి తెలుసుకుని, "పొద్దున్నుంచి ఏమైనా తాగేరా? కొబ్బరి మీద కోపం లేకపోతే బొండం కొట్టిస్తానండి," అన్నారు. రెండు బొండాలు తాగాను. జీవితంలో అంత తియ్యటి నీళ్లు తాగినట్టు గుర్తులేదు.

తర్వాత షారోనుతో మాట్లాడి సమయాలు సరిచూసుకున్నాను. ఫోను సంచిలో పెట్టి మూత బిగించింది ఎనిమిదిన్నరకి. నేను నిజం చెప్పింది ఎనిమిదీ ముప్పై ఆరుకి. ఇరవైకే చెప్పి ఉంటే పది నిమిషాలు చేతిలో ఉండేవి. ఆ తీసివేత చేసింది నేనే. ఎవరూ చేయమనలేదు.

తర్వాతి వారం షారోను రెగ్యులేటర్ తీసుకుని వచ్చింది. దానియేలుగారు బల్ల మీద తెల్లగుడ్డ పరిచి విప్పారు. జల్లెడ, దాని వెనక గాలి కారకుండా పెట్టే రబ్బరు చుట్ట, అన్నిటికీ కమ్మటి వాసన. చుట్ట కొంచెం ఉబ్బింది. ఆయన వేరే సిలిండర్‌కి తన పాత రెగ్యులేటర్ బిగించి గాలిని గట్టిగా వదిలారు. ఇత్తడి మీద మంచు పట్టినట్టు చెమ్మ కమ్ముకుంది. నా చేత ఒక చుక్క నూనె ఆ ఇత్తడి పైభాగాన వేయించారు. చూస్తుండగానే చుక్క మసకబారి, తెల్లబడి, మైనంలా నిలిచింది. షారోను "అమ్మో" అంది. నేను వేలితో తాకి చూశాను. తర్వాత ఆయన అన్నీ సబ్బునీళ్లతో కడిగి, ఉబ్బిన చుట్టలు మార్చి, మళ్లీ కట్టారు. ఆ పని జరుగుతుండగా అడిగేశాను, నన్ను ఆ రోజు ఒక్క మాటైనా ఎందుకు అనలేదని.

కొంచెంసేపు ఆయన మర తిప్పుతూనే ఉన్నారు. "నాకు ఇరవై నాలుగేళ్లప్పుడండి. ఒకాయన కింద పనిచేస్తన్నాడు, నేను పైన ఆయన గాలి గొట్టం చూసుకోవాలి. ఒక జాయింటు సరిగ్గా బిగించలేదు. ఆయన దిగేక నాకు గుర్తొచ్చింది. మా సూపర్‌వైజరు తిడతాడు. తిడితే మామూలుగా తిట్టడు. ఊడిపోదులే అని ఊరుకున్నా. నాలుగు నిమిషాలకి గొట్టం ఊడొచ్చింది. ఆయన బతికేడండి, దేవుడి దయ. ఒక చెవి పోయింది." మర బిగించి, గుడ్డతో తుడిచారు. "మీరు పాట మధ్యలోనే లేచొచ్చి చెప్పేరు. నేను అది ఊడేదాకా చెప్పలేదు. నా కంటే నయం. ఎందుకు చేసేవని అడిగితే మనిషి తనని కాపాడుకునే పనిలో పడతాడండి. కింద ఉన్నోడి సంగతి వెనక్కి పోద్ది."

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. కారణం షారోను కాదు. నేను రిటైరయ్యేటప్పుడు ప్రయోగశాల అప్పగించడానికి బీరువాలు జరిపిస్తే, గోడకీ బీరువాకీ మధ్య కాగితాల్లో చుట్టిన పగిలిన థర్మామీటర్లు పదకొండు దొరికాయి. పాదరసం నేల పగుళ్లలో మెరుస్తోంది. పిల్లలకి ఎంత నిర్లక్ష్యం అనుకుని, అప్పగింత కాగితంలో అలాగే రాశాను. ఏదైనా పగిలితే నా మొదటి ప్రశ్న "ఎవరు?" అని. రెండోది "ఎందుకు?". ఆ రెండు ప్రశ్నల నుంచి పదకొండుమంది పిల్లలు పాదరసాన్ని చేతులతో ఎత్తి కాగితంలో చుట్టి దాచుకున్నారు. వాళ్లు దాచుకున్నది నా నుంచి. ఆ సంగతి తెలుసుకోవడానికి నేను డైవింగు పరికరం ఒకటి పాడుచేయాల్సి వచ్చింది.

దానియేలుగారు కిందటేడు ఆగస్టులో వెళ్లిపోయారు. బాధపడలేదు. పొద్దున్న కాఫీ తాగి, వాలుకుర్చీలో కూర్చున్నవారు కూర్చున్నట్టే పోయారు. షెడ్డులోని పనిముట్లన్నీ రూతమ్మగారు షారోనుకి ఇచ్చేశారు. అది ఇప్పుడు తన బృందంలో కొత్తవాళ్లకి రెగ్యులేటర్లు ఎంచిపెడుతుంది. వాళ్లు పట్టికలు గీసుకొస్తారట. వాటిని చదివి, నోట్లో పెట్టుకుని చూశారా అని అడుగుతుందట. మా ఇంటికి సాయంత్రాలు ఫిజిక్సుకి వచ్చే ఆరుగురు పిల్లలు ఏదైనా పగలగొడితే, గాజు ఎవరికైనా గుచ్చుకుందా అని ముందు అడుగుతాను. ఎవరు అన్న ప్రశ్న సాధారణంగా నేను అడగాల్సిన పనే పడడం లేదు. వాళ్లే చెప్పేస్తున్నారు.

కిందటి నెల ఇరవై మూడున నేను రక్తపోటు మాత్ర రెండుసార్లు వేసుకున్నాను. ఆరున్నరకి ఒకటి, ఏడూపావుకి ఇంకొకటి. డైరీలో మొదటిది రాసుకోవడం మరిచిపోయాను. డైరీ రాసే మనిషి డైరీ రాయడం మరిచిపోవడం ఎంత సిగ్గో నాలాంటివాళ్లకే తెలుస్తుంది. ఏమీ కాదులే, నీళ్లు తాగి పడుకుంటే పోతుంది అనిపించింది. అలా అనుకుంటూ కొంతసేపు కూర్చుని, ఫోన్ తీశాను. షారోను ఎత్తగానే, బాగున్నావా అని కూడా అడగకుండా, ఏ మాత్ర, ఎన్ని, ఎప్పుడు, ఎందుకు రాయలేదు, ఎంతసేపు దాచుదామనుకున్నాను, అన్నీ చెప్పేశాను. అది వింది. డాక్టరుగారితో మాట్లాడి పావుగంటలో తిరిగి చేసింది. కంగారు లేదన్నారు, ఈరోజుకి కుదురుగా కూర్చోమన్నారు, రెండు గంటలకోసారి బీపీ చూసుకోమన్నారు.

"సరే," అన్నాను. "ఎంతసేపు దాచుదామనుకున్నానో కూడా చెప్పాను, విన్నావా?"

"విన్నాను. మూడు నిమిషాలన్నావు."

"నాలుగు," అన్నాను, డైరీలో రాసుకున్న సమయాలు చూసి. అది చాలాసేపు నవ్వింది.